ఇంట్లోని మాట్లాడే యంత్రం భయపెడుతుంటే ఏం చేయాలి?

పదే పదే వస్తున్న ప్రశ్న ఇది. అర్ధరాత్రి ఎవరూ పిలవకుండానే స్పీకర్ మాట్లాడింది. పిల్లల గదిలోని కెమెరా తనంతట తానే తల తిప్పింది. ఎవరూ ముట్టుకోకుండానే దీపాలు వెలిగి ఆరిపోయాయి. తన కూతుర్ని కెమెరాలోంచి ఎవరో పేరు పెట్టి పిలిచారని, ఆ రాత్రి నుంచి పాప ఒంటరిగా పడుకోవడం మానేసిందని ఒక తల్లి రాశారు. చివరికి అందరూ అడిగేది ఒక్కటే: ఈ కృత్రిమ మేధ మా కుటుంబం మీద పగబట్టిందా?

యంత్రానికి పగ ఉండదు. అంతమాత్రాన మీ భయం ఉత్తదని నేను అనను. ఆ పరికరం ఏ ఖాతాకు కట్టుబడి ఉందో, ఆ ఖాతాలోకి వచ్చిన వారందరి మాటా వింటుంది. వచ్చినవారు యజమానా, దొంగా అన్నది దానికి పట్టదు. కాబట్టి మీరు తేల్చవలసింది ఒకటే: మీ ఇంటి ఖాతాల తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి? కింద చెప్పిన పనులన్నీ అందుకోసమే. వాటి క్రమాన్ని మాత్రం మార్చవద్దు. క్రమం తప్పితే శ్రమంతా నీళ్లపాలవుతుంది.

కారణం ఏమై ఉండవచ్చు?

ఎక్కువగా కనిపించేవి మూడు.

మొదటిది, యంత్రం మాటను తప్పుగా వినడం. 2018లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక దంపతులు ఇంట్లో మాట్లాడుకున్న మాటలను అమెజాన్ ఎకో (అలెక్సా అని పిలిస్తే పలికే స్పీకర్) రికార్డు చేసి, భర్త దగ్గర పనిచేసే వ్యక్తికి పంపేసింది. వాళ్ల సంభాషణలోని ఏదో మాటను తన పేరుగా, మరో మాటను 'సందేశం పంపు' అనే ఆదేశంగా, ఇంకోదాన్ని పంపవలసిన వ్యక్తి పేరుగా అది వరుసగా పొరబడిందని కంపెనీ వివరించింది. 2020లో జర్మనీ పరిశోధకులు ఇలా పొరపాటున స్పీకర్లను మేల్కొలిపే మాటలను వెయ్యికి పైగా పట్టుకున్నారు. 'ఎలక్షన్' అన్నా అలెక్సా లేచి కూర్చుంటుందని వాళ్లు చూపించారు. ఎన్నికల వార్తలు నడుస్తున్న టీవీ పక్కనే స్పీకర్ పెట్టుకున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండోది, పాస్‌వర్డ్ సంపాదించిన బయటివారు. 2019 డిసెంబరులో అమెరికాలోని మిసిసిపీలో పిల్లల గదిలోని రింగ్ కంపెనీ కెమెరాలోకి ఒక అపరిచితుడు చొరబడి, ఎనిమిదేళ్ల పాపతో మాట్లాడాడు. 2024లో అదే దేశంలో కొందరి ఇళ్లలో ఎకోవాక్స్ కంపెనీ ఊడ్చే యంత్రాలు ఎవరి చేతిలోకో వెళ్లిపోయి, వాటి స్పీకర్లలోంచి బూతులు వినిపించాయి.

మూడోది, ఖాతా తెలిసిన దగ్గరివారు. విడిపోయిన జీవిత భాగస్వామి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవారు, పరికరాన్ని బిగించి పెట్టిన మనిషి, లేదంటే ఏమీ తెలియని పసివాడు. చాలామంది ఆలోచన ఇటు వైపు వెళ్లదు. నాకూ వెళ్లలేదు. మా హాల్లో దీపం వారం పాటు ప్రతి రాత్రి సరిగ్గా 2 గంటల 10 నిమిషాలకు వెలిగేది. బల్బు మార్చాను, ప్లగ్గు మార్చాను, ఇంట్లో అందరికీ నిద్ర కరవైంది. చివరికి యాప్‌లో రొటీన్ల (చెప్పిన సమయానికి తమంతట తామే జరిగేలా ముందే అమర్చిన పనుల) జాబితా తెరిస్తే, నేను పెట్టని రొటీన్ ఒకటి కనిపించింది. ఆటలకు పనికొస్తుందని మా బంధువుల పిల్లవాడికి ఇచ్చిన పాత ఫోనులో నా ఖాతా ఇంకా తెరిచే ఉంది. మధ్యాహ్నం అనుకుని వాడు రాత్రి సమయం నొక్కాడు. ఆ ఫోనును ఖాతాలోంచి తీసేయడానికి పట్టింది అర నిమిషం.

సిద్ధం చేసుకోవలసినవి

- ఇంట్లోని అనుమానాస్పద పరికరాలతో సంబంధం లేని, మీకు నమ్మకమైన ఒక ఫోను లేదా కంప్యూటర్
- కాగితం, కలం. ఈ జాబితాను ఫోనులో రాయకండి
- రూటర్ అడుగున అతికించి ఉండే చీటీలోని వివరాలు
- రీసెట్ రంధ్రంలో గుచ్చడానికి సన్నని పిన్ను
- స్మార్ట్ తాళాలు ఉంటే వాటి అసలు తాళంచెవులు
- మూడు గంటల తీరిక, ఇంట్లోని పెద్దలందరి సమక్షం

1. ముందు మనుషులు, తరువాతే యంత్రాలు

తలుపు తాళం, గ్యారేజీ తలుపు, హీటర్, పొయ్యి, నీళ్ల మోటారు వంటివి నెట్‌కు కలిపి ఉంటే మొదట వాటిని చేత్తో నడిపే పద్ధతికి మార్చండి. తాళాన్ని లోపలి నుంచి చేత్తో తీయగలుగుతున్నారో లేదో ఇంట్లో ఒక్కొక్కరి చేత తీయించి చూడండి. పిల్లలు, ముసలివారు కూడా తీయగలగాలి. పిల్లల గదిలోని కెమెరాను, స్పీకర్‌ను ప్లగ్గు పీకి బయటకు తెచ్చేయండి. బ్యాటరీ ఉన్న కెమెరా అయితే కటకం మీద టేపు అతికించి సొరుగులో పెట్టండి.

హెచ్చరిక: మిమ్మల్ని వేధిస్తున్నది దగ్గరివారే అని అనుమానం ఉంటే, ఇక్కడే ఆగండి. పాస్‌వర్డులన్నీ ఒక్కసారిగా మారిస్తే మీకు తెలిసిపోయిందని వాళ్లకు అర్థమవుతుంది. కోపం మీ మీదికి తిరగవచ్చు. ముందు నమ్మకమైన ఒకరికి విషయం చెప్పండి. గృహహింస బాధితులకు సాయం చేసే సంస్థతోనో, పోలీసులతోనో మాట్లాడండి, ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోండి. ఆ మాటలు ఇంట్లో కాకుండా బయట, మీది కాని ఫోనులో మాట్లాడండి. మిగతా మెట్లు ఆ తరువాతే.

2. ఆధారాలను భద్రపరచండి

భయంతో అందరూ మొదట చేసే పని రీసెట్ బటన్ నొక్కడం. దయచేసి అలా చేయకండి. రీసెట్ చేస్తే పరికరంలో మిగిలిన జాడలు పోతాయి. రేపు ఫిర్యాదు చేయాలంటే చేతిలో ఏమీ ఉండదు.

కాగితం మీద మూడు గడులు గీయండి: ఎప్పుడు, ఏ పరికరం, ఏం జరిగింది. 'మొన్న రాత్రి ఏదో మాట్లాడింది' అని రాస్తే పనికిరాదు. '14వ తేదీ, రాత్రి 11:42, వంటగది స్పీకర్, నీలం రంగు దీపం వెలిగింది, ఒక వాక్యం చెప్పింది, అప్పుడు టీవీ నడుస్తోంది' అని రాయండి. టీవీ నడుస్తోందా లేదా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సగం చిక్కుముడులు అక్కడే విడిపోతాయి.

తరువాత స్పీకర్ యాప్‌లో గొంతు చరిత్ర లేదా కార్యకలాపాల చిట్టా తెరవండి. మీరు రాసుకున్న సమయం దగ్గర ఏముందో చూడండి. మూడింటిలో ఒకటి కనిపిస్తుంది:

- ఆ సమయానికి టీవీ మాటో, మీ మాటో ఉన్న రికార్డింగు ఉంటే, యంత్రం పొరపాటుగా విన్నట్టే. అయినా 4, 5 మెట్లు పూర్తిచేసి, ఆ తరువాత 8వ మెట్టుకు వెళ్లండి.
- రికార్డింగు లేకుండా రొటీన్ పేరో, మరో ఫోను పేరో ఉంటే, ఎవరో ఖాతాలోంచి ఆదేశం ఇచ్చారు.
- ఏమీ లేకపోతే, ఎవరైనా బ్లూటూత్‌తో కలిసి ఉండవచ్చు, లేదా చిట్టాను ఎవరో చెరిపేసి ఉండవచ్చు.

కనిపించిన ప్రతిదాన్నీ ఫోటో తీయండి. తెరమీద తీసే స్క్రీన్‌షాట్‌తో పాటు, మరో ఫోనుతో కూడా తీసి పెట్టుకోవడం మంచిది.

3. ఇంట్లో ఏమేం ఉన్నాయో లెక్క తేల్చండి

గది గదికీ తిరుగుతూ నెట్‌కు కలిసే ప్రతి వస్తువునూ రాయండి. స్పీకర్లు, కెమెరాలు అందరికీ గుర్తుంటాయి. టీవీ, వీధి తలుపు గంట, ఊడ్చే యంత్రం, బల్బులు, ప్లగ్గులు, ప్రింటర్, పసిపాప గదిలోని మానిటర్, మాట్లాడే బొమ్మ మర్చిపోతారు. బొమ్మలను తేలిగ్గా తీసుకోకండి. మై ఫ్రెండ్ కేలా అనే మాట్లాడే బొమ్మను రహస్యంగా మాటలు వినే పరికరంగా పరిగణించి, 2017లో జర్మనీ తన దేశంలో నిషేధించింది.

పాత ఫోన్లు, టాబ్లెట్లు ఎవరికి ఇచ్చారో కూడా ఈ జాబితాలో రాయాలి.

4. మొట్టమొదట మార్చవలసింది ఈమెయిల్ పాస్‌వర్డ్

క్రమం మార్చవద్దని చెప్పింది ఇందుకే. మీ కెమెరా ఖాతా, స్పీకర్ ఖాతా, తాళం ఖాతా, అన్నీ ఏదో ఒక ఈమెయిల్‌కు కట్టి ఉంటాయి. ఆ ఈమెయిల్ వేరొకరి చేతిలో ఉంటే, మీరు కెమెరా పాస్‌వర్డ్‌ను పదిసార్లు మార్చినా, 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కి పదకొండోసారి వాళ్లు లోపలికి వస్తారు.

నమ్మకమైన ఫోను నుంచి ఈమెయిల్‌లోకి వెళ్లి ఈ పనులు వరుసగా చేయండి:

అ) ఇంతకుముందు ఎక్కడా వాడని, పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి. సంబంధం లేని నాలుగైదు మాటలను కలిపితే గుర్తుంటుంది, ఊహించడమూ కష్టం. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు వద్దు. దగ్గరివారు మొదట ప్రయత్నించేవి అవే.

ఆ) ఖాతా తెరిచి ఉన్న పరికరాల జాబితా చూసి, అన్నిటి నుంచీ బయటకు వచ్చేయండి. ఇది మరిచిపోతే, పాత ఫోనులో ఖాతా తెరిచే ఉండిపోవచ్చు.

ఇ) ఖాతాను తిరిగి పొందడానికి ఇచ్చిన ఫోను నంబరు, రెండో ఈమెయిల్ మీవేనా అని చూడండి.

ఈ) మీకు వచ్చే ఉత్తరాలను మరో చిరునామాకు దారి మళ్లించే ఏర్పాటు ఏదైనా ఉందేమో సెట్టింగులలో వెతకండి. పాస్‌వర్డ్ మార్చినా ఈ దొడ్డిదారి అలాగే ఉంటుంది.

ఉ) రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. పాస్‌వర్డ్‌తో పాటు మీ ఫోనుకు వచ్చే సంఖ్య కూడా అడిగే పద్ధతి ఇది. సంఖ్యను ఇచ్చే ప్రత్యేక యాప్ వాడగలిగితే సందేశం కంటే అదే మేలు. మిసిసిపీ ఘటన తరువాత రెండు నెలలకు, 2020 ఫిబ్రవరిలో, రింగ్ తన వినియోగదారులందరికీ రెండో అంచెను తప్పనిసరి చేసింది.

5. పరికరాల ఖాతాలు

ఇప్పుడు స్పీకర్, కెమెరా, తాళం యాప్‌లలో ఒక్కొక్కదానికీ పై పనే చేయండి. ప్రతిదానికీ వేరే పాస్‌వర్డ్ పెట్టండి. ఒకచోట దొంగిలించిన పాస్‌వర్డును వందచోట్ల ప్రయత్నించి చూడటం దొంగలకు నిత్యకృత్యం.

వీటికి తోడు మరో నాలుగు చోట్ల చూడాలి. సభ్యుల జాబితాలో ఎవరెవరు ఉన్నారు? రొటీన్లలో మీరు పెట్టనివి ఉన్నాయా? అనుసంధానించిన బయటి సేవల్లో మీకు తెలియనివి ఉన్నాయా? బ్లూటూత్‌తో జతచేసిన ఫోన్లు ఎవరివి? తెలియనివి కనిపిస్తే ఫోటో తీశాకే తీసేయండి.

అలెక్సా వాడేవారు డ్రాప్ ఇన్ అనే సౌకర్యాన్ని ప్రత్యేకంగా చూడాలి. అనుమతి ఉన్నవారు మీరు ఎత్తకుండానే నేరుగా మీ గదిలోకి మాట్లాడగలుగుతారు, వినగలుగుతారు. అవసరం లేకపోతే పూర్తిగా ఆపేయండి.

6. రూటర్

రూటర్‌కు రెండు పాస్‌వర్డులు ఉంటాయి: ఒకటి వైఫైది, రెండోది రూటర్ సెట్టింగులలోకి వెళ్లడానికి. జనం మొదటిది మార్చి ఊరుకుంటారు. రెండోది కంపెనీ ఇచ్చినట్టే ఉండిపోతుంది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం కంపెనీలు పెట్టే పాస్‌వర్డులు అరవై రకాల దాకా పట్టుకుని తిరిగి, లక్షల కెమెరాలనూ రూటర్లనూ లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటితో దాడి చేసి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి వాటికే చాలాచోట్ల ఆటంకం కలిగించారు.

రెండు పాస్‌వర్డులూ మార్చండి. వైఫై భద్రత పద్ధతుల్లో డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. ఇంటి బయటి నుంచి రూటర్‌ను నడిపే సౌకర్యాన్ని, బటన్ నొక్కితేనో చిన్న సంఖ్య ఇస్తేనో పరికరాలను వైఫైకి కలిపేసే డబ్ల్యూపీఎస్‌ను ఆపండి. సాఫ్ట్‌వేర్ తాజాకరణ ఉంటే చేయండి. గెస్ట్ (అతిథుల కోసం వేరుగా ఉండే) నెట్‌వర్క్ సౌకర్యం ఉంటే స్మార్ట్ పరికరాలన్నిటినీ దాని మీదే పెట్టి, మీ ఫోన్లు, కంప్యూటర్లు అసలు నెట్‌వర్క్ మీద ఉంచండి. బల్బులోకి చొరబడినవాడు మీ కంప్యూటర్ దాకా రాకుండా ఇది అడ్డు.

7. ఇప్పుడు రీసెట్

పరికరాలన్నిటినీ ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే కొన్నప్పటి స్థితికి తీసుకురండి. అన్నీ ఒకేసారి తిరిగి కలపవద్దు. ఒకటి కలిపి, ఒకరోజు చూసి, ఇంకోటి కలపండి. తేడా మళ్లీ వస్తే ఏది కలిపాక వచ్చిందో తెలుస్తుంది. ఎన్నో ఏళ్లుగా తాజాకరణలు రాని పాత కెమెరా ఉంటే తిరిగి కలపనే వద్దు. దానికి మరమ్మతు లేదు.

8. పరికరాలకు హద్దులు గీయండి

పడకగదుల్లో, స్నానాల గది దగ్గర, పిల్లల గదిలో కెమెరా అక్కర్లేదన్నది నా గట్టి అభిప్రాయం. పసిపాప కోసం తప్పదనుకుంటే నెట్ లేకుండా పనిచేసే మానిటర్లు దొరుకుతాయి.

స్పీకర్‌ను కిటికీకి ఎదురుగా పెట్టవద్దు. 2019లో మిషిగన్, టోక్యో పరిశోధకులు లేజర్ కాంతిని మైకు మీదికి పంపి, 110 మీటర్ల దూరం నుంచి కూడా ఆదేశాలు ఇవ్వవచ్చని చూపించారు. మీ ఇంటికి ఎవరో లేజర్‌తో వస్తారని కాదు, పక్కకు జరపడానికి ఖర్చేమీ లేదు కాబట్టి జరపండి.

గొంతుతో తలుపు తీసే సౌకర్యం ఆపేయండి. గొంతుతో చేసే కొనుగోళ్లకు పిన్ (రహస్య సంఖ్య) పెట్టండి. పిలుపు పేరు మార్చుకునే వీలుంటే, ఇంట్లో ఎవరి పేరుకూ దగ్గరగా లేనిది ఎంచుకోండి. గొంతు రికార్డింగులు తమంతట తామే చెరిగిపోయేలా అమర్చి, నెల తరువాత నిజంగా చెరిగాయో లేదో చూడండి. పిల్లల గొంతు రికార్డింగులను తల్లిదండ్రులు తొలగించమన్నా పూర్తిగా తొలగించలేదన్న ఆరోపణ మీద 2023లో అమెజాన్ 2.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

9. పిల్లలతో మాట్లాడండి

2021 డిసెంబరులో, ఆడుకోవడానికి ఏదైనా సవాలు చెప్పమని పదేళ్ల పాప అడిగితే, కరెంటు ప్లగ్గుకు నాణెం తాకించమని అలెక్సా చెప్పింది. నెట్‌లో ఎక్కడో ఉన్న మాటను అది అప్పగించింది. పక్కనే తల్లి ఉండబట్టి సరిపోయింది. దాన్ని సరిదిద్దామని కంపెనీ చెప్పింది.

అందుకే పిల్లలకు రెండు సంగతులు చెప్పండి. ఆ యంత్రం చెప్పిందని ఏదీ చేయకూడదు, ముందు మనల్ని అడగాలి. దానిలోంచి ఎవరైనా పేరు పెట్టి పిలిచినా, రహస్యం అడిగినా జవాబు చెప్పకుండా గదిలోంచి బయటకు రావాలి. చెప్పేటప్పుడు మీ గొంతులో భయం వినిపించనివ్వకండి. ఈ పనుల్లో వాళ్లకూ ఒకటి అప్పగించండి. ప్లగ్గు పీకే పని వాళ్ల చేతికే ఇస్తే, ఆ యంత్రం తమకు లొంగేదే అని వాళ్లకే తెలుస్తుంది. మొదట్లో చెప్పిన, కెమెరాలోంచి ఎవరో పిలిచిన పాప కూడా, అమ్మతో కలిసి కెమెరాను తనే సొరుగులో పెట్టి తాళం వేశాక మళ్లీ తన గదిలో పడుకుంది.

10. కుటుంబానికి ఒక గుర్తుమాట

కొద్ది సెకన్ల గొంతు దొరికినా దాన్ని అనుకరించే సాధనాలు ఇప్పుడున్నాయి. 'నాన్నా, ఆపదలో ఉన్నాను, డబ్బు పంపు' అని బిడ్డ గొంతుతోనే ఫోను రావచ్చు. ఇంట్లోవారికి మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. ఫోను వస్తే ఆ మాట అడగండి, తరువాత పెట్టేసి మీ దగ్గరున్న నంబరుకు మీరే చేయండి. ఆ మాటను స్పీకర్ ఉన్న గదిలో చెప్పుకోకండి.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా చూడాలి?

- మైకు ఆపే మీట నొక్కి, దీపం రంగు మారిందని చూసి, పదిసార్లు పిలవండి. ఒక్కసారి పలికినా ఆ పరికరాన్ని పక్కన పెట్టండి.
- రూటర్‌లో కలిసి ఉన్న పరికరాల జాబితాను మీ కాగితంతో సరిచూడండి. జాబితాలో పేర్లు అర్థం కాకపోతే, ఒక్కో వస్తువు ప్లగ్గు పీకుతూ ఏ పేరు మాయమవుతుందో చూడండి. ఓపిక కావాలి గానీ, ఇంతకు మించిన పరీక్ష లేదు. చివరికి ఎవరిదో తెలియని పేరు మిగిలితే దాన్ని అడ్డుకుని, వైఫై పాస్‌వర్డ్ మళ్లీ మార్చండి.
- కొత్త ఫోను నుంచి మీ ఖాతాలోకి వెళ్లే ప్రయత్నం చేయండి. రెండో అంచె అడగకపోతే అది అమరలేదన్నమాట.
- వారం పాటు రోజూ చిట్టా చూడండి. తరువాత మూడు నెలలకోసారి చాలు. సెట్టింగులు మనకు చెప్పకుండా మారుతుంటాయి. కొన్ని ఎకోలలో రికార్డింగులను కంపెనీకి పంపవద్దనే సౌకర్యం ఉండేది, 2025 మార్చి 28 నుంచి దాన్ని తీసేశారు.

తరచుగా జరిగే పొరపాట్లు

కొత్త పాస్‌వర్డును అనుమానం ఉన్న ఫోనులోనే టైపు చేయడం. పాస్‌వర్డ్ మార్చి పాత పరికరాలను బయటకు పంపకపోవడం. కొత్త పాస్‌వర్డును కుటుంబ గ్రూపులో పెట్టడం. ఆ గ్రూపులో ఎవరున్నారో ఒకసారి చూడండి. కంపెనీ నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోను చేసినవారికి ధ్రువీకరణ సంఖ్య చెప్పేయడం. భయపడి పరికరాన్ని ఖాతాలోంచి తీసేయకుండానే ఎవరికో ఇచ్చేయడం లేదా పారేయడం. ఇంట్లో ఒకరి మీద ఒకరు అనుమానంతో గొడవ పడటం. ముందు చిట్టా చూడండి, తరువాత మాట్లాడండి.

ఇవన్నీ చేశాక కూడా ఎవరో మాట్లాడటం, బెదిరించడం జరిగితే ఆ పరికరాన్ని ఇక రీసెట్ చేయవద్దు. ప్లగ్గు పీకి, సంచిలో కట్టి, మీ మూడు గడుల కాగితం, ఫోటోలతో సహా సైబర్ నేరాల పోలీసులకు అప్పగించండి. పరికరం వెనుక ఉండే క్రమసంఖ్యను ముందే కాగితం మీద రాసుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు దాన్ని అడిగే అవకాశం ఉంది.